ఏ నామములోనికి బాప్తిస్మము?

మీ చేతిలో పరిశుద్ధ గ్రంథము ఉంటే దయచేసి తెరచి ఉంచండి. ఈ దినము కొంచెం ఎక్కువ వచనాలు తిప్పవలసి ఉంటుంది.

మనము ధ్యానించబోయే ప్రశ్న ఇది. బాప్తిస్మమిచ్చేటప్పుడు సేవకుడు ఏ మాటలు పలకాలి? “తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున” అనాలా? లేక “యేసుక్రీస్తు నామమున” అనాలా? ఒక విధముగా పలికితే చెల్లుతుందా, మరొక విధముగా పలికితే చెల్లదా?

ఇది పండితులు తమలో తాము వాదించుకునే విషయము మాత్రమే అనుకోకండి. మన ఊళ్లలో ఇది ఇళ్లలోనికి వచ్చింది. ముప్పై సంవత్సరాలుగా ప్రభువును నమ్మి నడుస్తున్న తల్లితో ఎవరో వచ్చి, “అమ్మా, నీకిచ్చింది బాప్తిస్మమే కాదు, నీళ్లలో తడిశావంతే” అంటారు. ఆమెకు ఆ రాత్రి నిద్ర పట్టదు. తన సంగతి అలా ఉంచితే, చనిపోయిన భర్త సంగతి ఏమిటని ఏడుస్తుంది. కొందరు ఒకసారి, రెండుసార్లు కాదు, మూడవసారి కూడా నీళ్లలో దిగినవారున్నారు. మాటల దగ్గర తేడా వచ్చి సంబంధాలు తప్పిపోయిన ఇళ్లున్నాయి. ఒకే తల్లి పిల్లలు ఒకే బల్ల దగ్గర ప్రభు భోజనము తీసుకోలేని పరిస్థితి ఉన్నది. కాబట్టి ఈ సంగతిని కోపముతో కాదు, భయముతోనూ కాదు, వాక్యపు వెలుగులో నిదానముగా చూద్దాము.

ఒక మాట ముందుగానే చెప్పాలి. పసిపిల్లలకు ఇవ్వవచ్చునా, నీళ్లలో ముంచాలా, చిలకరించాలా అనేవి వేరే ప్రశ్నలు. వాటిని ఈ దినము తీసుకోవడము లేదు. పలికే మాటలు మాత్రమే మన అంశము.

వాక్యములో ఏమున్నది?

మొదట మత్తయి 28:19 చూడండి. పునరుత్థానుడైన ప్రభువు గలిలయలో కొండ మీద శిష్యులతో మాట్లాడుతున్నాడు. సమస్త జనులను శిష్యులుగా చేయమని, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే వారి నామములోనికి బాప్తిస్మమివ్వమని ఆజ్ఞ ఇస్తున్నాడు. ఇక్కడ రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, “నామములు” అని బహువచనము లేదు, “నామము” అని ఏకవచనమే ఉన్నది. రెండు, మన తెలుగు బైబిలు “నామములోనికి” అని రాసింది. ఆ “లోనికి” అనే మాటలో లోతైన అర్థమున్నది. దాని దగ్గరకు తరువాత వస్తాను.

ఇప్పుడు అపొస్తలుల కార్యములకు రండి. నాలుగు చోట్ల చూడండి. 2:38లో పెంతెకొస్తు దినమున పేతురు, మారుమనస్సు పొంది యేసుక్రీస్తు నామమున బాప్తిస్మము పొందమంటున్నాడు. 8:16లో సమరయ విశ్వాసులు ప్రభువైన యేసు నామమున బాప్తిస్మము పొందారు. 10:48లో కొర్నేలీ ఇంటివారికి యేసుక్రీస్తు నామమందు ఇవ్వమని పేతురు ఆజ్ఞాపించాడు. 19:5లో ఎఫెసులోని శిష్యులు ప్రభువైన యేసు నామమున పొందారు.

మరి ప్రభువు ఒకటి చెప్పగా అపొస్తలులు మరొకటి చేశారా? ప్రశ్న పుట్టేది ఇక్కడే. ఈ ప్రశ్న అడిగేవారు వాక్యమును తృణీకరించేవారు కాదు. వాక్యమును శ్రద్ధగా చదివేవారికే ఈ ప్రశ్న వస్తుంది. అందుచేత అడిగినవారిని గద్దించకూడదు.

మొదటి అభిప్రాయము: యేసు నామమే పలకాలి

ఈ మాట చెప్పేవారి వాదనను వారు చెప్పినట్టే చెప్పడము న్యాయము. వారు అంటారు: “ప్రభువు ఒక నామము అన్నాడు. తండ్రి అనేది పేరు కాదు, కుమారుడు అనేది పేరు కాదు, పరిశుద్ధాత్మ అనేదీ పేరు కాదు, అవి బిరుదులు. ఆ నామమేదో అపొస్తలులకు తెలుసు. యోహాను 5:43లో తాను తండ్రి నామమున వచ్చానని ప్రభువే అన్నాడు. యోహాను 14:26లో తండ్రి తన నామమున ఆత్మను పంపుతాడన్నాడు. అపొస్తలుల కార్యములు 4:12లో రక్షణకు మరి ఏ నామమూ లేదని పేతురు చెప్పాడు. కాబట్టి ఆ ఒక్క నామము యేసు. కొండ మీద ఆజ్ఞ విన్నవారే దానిని ఎలా నెరవేర్చాలో చేసి చూపించారు.”

ఈ అభిప్రాయము ఇప్పటి రూపములో ఎప్పుడు లేచింది? 1913 ఏప్రిల్ నెలలో అమెరికాలో లాస్ ఏంజెలెస్ సమీపాన అరోయో సెకో అనే చోట పెంతెకొస్తు కూటములు జరిగాయి. అక్కడ ఆర్. ఇ. మెకాలిస్టర్ అనే బోధకుడు, అపొస్తలులు యేసు నామముననే బాప్తిస్మమిచ్చారని ప్రసంగించాడు. ఆ మాట కొందరి హృదయాలలో నాటుకుంది. 1914లో ఫ్రాంక్ ఎవార్ట్, గ్లెన్ కుక్ అనే ఇద్దరు సేవకులు ఒకరికొకరు యేసు నామమున తిరిగి బాప్తిస్మమిచ్చుకున్నారు. అదే సంవత్సరము ఏర్పడిన అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ సంఘములో ఈ సంగతి పెద్ద వివాదమైంది. 1916లో సెయింట్ లూయిస్ పట్టణములో జరిగిన మహాసభ త్రిత్వ విశ్వాసమును తమ విశ్వాస ప్రకటనలో స్పష్టముగా రాసుకుంది. అప్పుడు సుమారు 150 మంది సేవకులు బయటకు వెళ్లిపోయారు. 1945లో రెండు సంస్థలు కలిసి యునైటెడ్ పెంతెకొస్తు సంఘముగా ఏర్పడ్డాయి. మన దేశములో కూడా ఈ బోధ వ్యాపించింది.

ప్రియులారా, ఇక్కడ ఒక తేడా గమనించండి. యేసు నామమున బాప్తిస్మమిచ్చే వారందరూ ఒకటే బోధ బోధించరు. కొందరు త్రిత్వమును పూర్తిగా నమ్ముతూనే, అపొస్తలుల మాటలను అలాగే పలకాలని కోరుకుంటారు. మరికొందరు, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురు వ్యక్తులు కారని, ఒక్క దేవుడే మూడు విధాలుగా ప్రత్యక్షమయ్యాడని బోధిస్తారు. ఈ రెండవది మాటల తేడా కాదు, విశ్వాసపు తేడా. యొర్దాను నదిలో ప్రభువు బాప్తిస్మము పొందిన సమయాన కుమారుడు నీళ్లలో ఉన్నాడు, ఆత్మ పావురమువలె దిగివచ్చాడు, తండ్రి ఆకాశము నుండి మాట్లాడాడు (మత్తయి 3:16, 17). తండ్రి కుమారుని ప్రేమించడము, కుమారుడు తండ్రికి ప్రార్థించడము నిజమైన సంబంధమే గాని, ఒకడే రెండు వేషాలు వేసుకోవడము కాదు. మన సంఘములు దీనిని విడిచిపెట్టలేవు.

రెండవ అభిప్రాయము: మత్తయి 28లోని మాటలే పలకాలి

రోమన్ కాథలిక్కులు, ఆర్థడాక్సు సంఘములు, లూథరన్‌లు, ఆంగ్లికన్‌లు, దక్షిణ ఇండియా సంఘము, బాప్టిస్టులు, మెథడిస్టులు, బ్రదరెన్, పెంతెకొస్తు వారిలో అత్యధికులు ఈ పక్షాన ఉన్నారు. వీరిలో వీరికి ఎన్ని భేదాలున్నా ఈ ఒక్క విషయములో ఒకే మాట మీద ఉన్నారు. 1982లో పెరూ దేశములోని లిమాలో అనేక సంఘముల వేదాంతులు కలిసి అంగీకరించిన పత్రములో కూడా, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున నీటితో బాప్తిస్మమివ్వబడుతుందని రాసుకున్నారు.

వీరి వాదన ఏమిటి? మత్తయి సువార్తలో ఉన్నది ప్రభువు ఇచ్చిన ఆజ్ఞ. అపొస్తలుల కార్యములలో ఉన్నది లూకా రాసిన చరిత్ర. చరిత్ర రాసేవాడు, నీళ్లలో నిలబడి పలికిన ప్రతి మాటనూ రాయడు. ఏ బాప్తిస్మమో చెబుతాడు. ఆ రోజులలో యోహాను బాప్తిస్మము ఉన్నది, యూదుల శుద్ధీకరణ స్నానాలు ఉన్నాయి. “ఇది యేసుకు చెందిన బాప్తిస్మము” అని గుర్తుపట్టడానికి లూకా అలా రాశాడు. 19వ అధ్యాయము చూడండి. ఎఫెసులోని శిష్యులు పరిశుద్ధాత్మను గూర్చి తాము వినలేదన్నారు. వెంటనే పౌలు, అయితే మీరు దేనిలోనికి బాప్తిస్మము పొందారని అడిగాడు. పరిశుద్ధాత్మను గూర్చి వినకపోవడానికీ బాప్తిస్మానికీ సంబంధమేమిటి? క్రైస్తవ బాప్తిస్మము పొందినవాడు పరిశుద్ధాత్మను గూర్చి విని తీరాలని పౌలు అనుకున్నాడనే గదా!

ఇంకొక సంగతి. నాలుగు వచనాలనూ పక్కపక్కన పెట్టండి. రెండు చోట్ల “యేసుక్రీస్తు” అని, రెండు చోట్ల “ప్రభువైన యేసు” అని ఉన్నది. గ్రీకు భాషలోనైతే 2:38లో “ఎపి”, అనగా నామము మీద. 10:48లో “ఎన్”, అనగా నామమందు. 8:16లోను 19:5లోను “ఎయిస్”, అనగా నామములోనికి అని ఉన్నది. ఒకే ఖాయమైన వాక్యమును అందరూ పలికి ఉంటే, లూకా దానిని మూడు విధాలుగా రాస్తాడా? అవతలి పక్షము వారు, “ఏ విధముగా రాసినా యేసు అనే పేరు మాత్రము అన్నిచోట్లా ఉన్నది గదా” అని జవాబు చెబుతారు. అది కూడా నిజమే. దానిని మనము కాదనకూడదు.

కొందరు బోధకులు మరొక పరిష్కారము చెబుతారు: యూదులకు తండ్రి ముందే తెలుసు, వారు యేసును ఒప్పుకుంటే చాలు, అన్యులకైతే మూడు నామాలూ పలకాలి అంటారు. వినడానికి బాగుంటుంది గాని, కొర్నేలీ రోమా శతాధిపతి. ఆయన ఇంట్లో కూడా యేసుక్రీస్తు నామమందు అనే ఉన్నది. కాబట్టి ఆ పరిష్కారము పూర్తిగా నిలబడదు.

తొలి సంఘము ఏమి చేసింది?

అపొస్తలుల తరువాత వచ్చిన తరములు ఏమి చేశాయో చూద్దాము. “దిదాఖే”, అనగా “అపొస్తలుల బోధ” అనే చిన్న గ్రంథమున్నది. మొదటి శతాబ్దపు చివరిలోనో రెండవ శతాబ్దపు ఆరంభములోనో రాయబడిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయము. దీని ప్రతి 1873లో కాన్‌స్టాంటినోపులులో దొరికింది. దానిలో 7వ అధ్యాయము తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున, పారే నీటిలో బాప్తిస్మమివ్వమంటుంది. తగినంత నీరు లేకపోతే తల మీద మూడుసార్లు పోయమంటుంది. అదే గ్రంథము 9వ అధ్యాయములో ప్రభు భోజనమును గూర్చి మాట్లాడుతూ, ప్రభువు నామమున బాప్తిస్మము పొందినవారే తినాలంటుంది. గమనించారా? ఒకే గ్రంథములో రెండు విధాల మాటలూ ఉన్నాయి! ఆ గ్రంథము రాసినవారికి అవి రెండు బాప్తిస్మములు కావు. ఒకే బాప్తిస్మము. ఇచ్చేటప్పుడు ఒక విధముగా, దానిని గూర్చి చెప్పుకునేటప్పుడు మరొక విధముగా. అపొస్తలుల కార్యములను అర్థము చేసుకోవడానికి ఇది మంచి తాళపుచెవి అని నా అభిప్రాయము.

రెండవ శతాబ్దపు మధ్యలో హతసాక్షియైన జస్టిన్, రోమా చక్రవర్తికి రాసిన విన్నపములో క్రైస్తవులు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున కడుగబడతారని వివరించాడు. క్రీ. శ. 200 ప్రాంతములో ఉత్తర ఆఫ్రికాలోని తెర్తుల్లియన్, ఒకసారి కాదు, ఒక్కొక్క నామానికి ఒకసారి చొప్పున మూడుసార్లు మునుగుతామని రాశాడు. కొన్ని పాత ఆచారములలో సేవకుడు మాట్లాడడము కాదు, ప్రశ్న అడుగుతాడు: తండ్రిని నమ్ముతున్నావా? నమ్ముతున్నాను. ముంచుతాడు. కుమారుని నమ్ముతున్నావా? పరిశుద్ధాత్మను నమ్ముతున్నావా? ఇలా మూడుసార్లు. అక్కడ పొందేవాని ఒప్పుకోలుతోనే బాప్తిస్మము జరిగింది.

“మత్తయి 28:19 తరువాత ఎవరో కలిపారు” అని కొందరు చెప్పడము మీరు విని ఉంటారు. దీనికి ఆధారముగా నాలుగవ శతాబ్దపు చరిత్రకారుడైన యూసేబియస్‌ను చూపిస్తారు. ఆయన కొన్నిచోట్ల ఈ వచనమును చిన్నదిగా, “నా నామమున” అన్నట్టుగా ఉదహరించిన మాట నిజము. 1900 తరువాతి తొలి సంవత్సరాలలో కోనిబేర్ అనే ఇంగ్లీషు పండితుడు దీని మీద పెద్ద వాదన చేశాడు. కానీ అదే యూసేబియస్ మరికొన్ని చోట్ల పూర్తి వచనమును రాశాడు. ఈ వచనము ఉన్న గ్రీకు చేతివ్రాత ప్రతులన్నిటిలో మూడు నామాలూ ఉన్నాయి. యూసేబియస్ కంటే ఎంతో ముందున్న దిదాఖేలోనూ ఉన్నాయి. కాబట్టి ఎవరైనా ఈ మాట చెబితే కలవరపడకండి.

చెల్లుతుందా, చెల్లదా?

ఇప్పుడున్న కలహము కొత్తది కాదు. 255, 256 సంవత్సరాలలో కార్తేజు అధ్యక్షుడు సిప్రియన్‌కూ రోమా అధ్యక్షుడు స్తెఫనుకూ గొప్ప వివాదము జరిగింది. తప్పు బోధ చేసే గుంపులలో బాప్తిస్మము పొంది వచ్చినవారికి మళ్లీ ఇవ్వాలా అన్నది ప్రశ్న. సిప్రియన్ ఇవ్వాలన్నాడు. స్తెఫను అక్కర్లేదు, చేతులుంచి ప్రార్థిస్తే చాలన్నాడు. ఇద్దరూ ప్రభువును ప్రేమించినవారే. సిప్రియన్ 258లో హతసాక్షిగా ప్రాణము పెట్టాడు. తరువాత 314లో ఆర్ల్ పట్టణములో కూడిన సభ ఒక తీర్మానము చేసింది. అటువంటివాడు వస్తే, విశ్వాస ప్రమాణము అడగండి. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలోనికి బాప్తిస్మము పొంది ఉంటే చేతులు మాత్రము ఉంచండి. లేకపోతే బాప్తిస్మమివ్వండి అని.

యేసు నామమున మాత్రమే పొందినవారి సంగతి? నాలుగవ శతాబ్దములో బాసిల్, అంబ్రోస్ అనే దైవజనులు చక్కని మాట చెప్పారు. “క్రీస్తు” అంటే అభిషిక్తుడు. అభిషిక్తుడు అన్నప్పుడు అభిషేకించిన తండ్రి, అభిషేకమైన ఆత్మ ఆ మాటలోనే ఉన్నారు. కాబట్టి క్రీస్తును ఒప్పుకోవడము త్రియేక దేవుని ఒప్పుకోవడమే అన్నారు. 866లో బల్గేరియా ప్రజలు అడిగిన ప్రశ్నలకు జవాబు రాసిన పోపు మొదటి నికోలస్, త్రిత్వ నామమున గాని క్రీస్తు నామమున గాని పొందినవారికి మళ్లీ ఇవ్వవద్దన్నాడు. తరువాతి కాలములో కాథలిక్ సంఘము మూడు నామాలూ తప్పనిసరి అనే నిర్ణయానికి వచ్చింది.

మాటలలో పొరపాటు జరిగితే? దీనికి కూడా చరిత్రలో దృష్టాంతమున్నది. 746లో బవేరియా దేశములో లాటిను సరిగా రాని ఒక గురువు, “తండ్రి” అనవలసిన చోట “స్వదేశము” అనే అర్థము వచ్చే మాట, “కుమారుడు” అనవలసిన చోట “కుమార్తె” అనే అర్థము వచ్చే మాట పలికాడు. మిషనెరీ బోనిఫేస్ వారికి మళ్లీ బాప్తిస్మమివ్వాలన్నాడు. పోపు జకరియ వద్దన్నాడు. ఆ గురువు తప్పుడు బోధ చేయలేదు, భాష రాక తడబడ్డాడు, అంతే అన్నాడు.

దీనికి ఎదురుగా ఇటీవలి సంగతి వినండి. 2020 ఆగస్టులో వాటికన్, “నేను నీకు” అనే చోట “మేము నీకు” అని పలికి ఇచ్చిన జ్ఞానస్నానము చెల్లదని ప్రకటించింది. అమెరికాలో ఒక యువ గురువు, తాను పసివాడుగా ఉన్నప్పటి వీడియోలో ఆ మాట విని, తాను జ్ఞానస్నానము పొందనట్టే అని గ్రహించాడు. గురువుగా తన అభిషేకము కూడా చెల్లలేదు. అన్నీ మొదటి నుండి పొందవలసి వచ్చింది. తూర్పు ఆర్థడాక్సు సంఘములలోనైతే “నేను” అనే మాటే లేదు. దేవుని సేవకుడు ఫలానావాడు బాప్తిస్మము పొందుచున్నాడు అంటారు. 1439లో ఫ్లోరెన్సు సభలో కాథలిక్ సంఘము ఆ పద్ధతి కూడా చెల్లుతుందని ఒప్పుకుంది. ఒక్క అక్షరము దగ్గర ఎంత జాగ్రత్త, ఎంత ఆందోళన ఉండగలదో చూశారా?

అయితే అదే వాటికన్ 2001లో మరొక తీర్పు ఇచ్చింది. మోర్మనులు బాప్తిస్మమిచ్చేటప్పుడు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అనే పలుకుతారు. కానీ ఆ మాటలకు వారు చెప్పే అర్థము వేరు. కాబట్టి మాటలు సరిగా ఉన్నా చెల్లదని తీర్పు. అనగా పెదవుల మీది మాట ఒక్కటే చాలదు; ఆ మాట వెనుక ఏ విశ్వాసమున్నదో అదీ చూడాలి.

నామము మంత్రము కాదు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బైబిలులో “నామము” అంటే ఏమిటి?

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములోనే గారడీ సీమోను ఉన్నాడు. సమరయవారు పొందిన బాప్తిస్మమే అతడూ పొందాడు. మాటల్లో లోపము లేదు. అయినా పేతురు అతనితో, నీ హృదయము దేవుని ఎదుట సరిగా లేదు అనే అర్థము వచ్చేలా గద్దించాడు (8:21). 19వ అధ్యాయములో స్కెవ కుమారులు ఏడుగురు, యేసు నామమును మంత్రము పలికినట్టు దయ్యము పట్టినవాని మీద పలికారు. ఏమైంది? దెబ్బలు తిని, బట్టలు లేకుండా ఆ ఇంటి నుండి పారిపోయారు. యేసు నామమున బాప్తిస్మమును గూర్చి చెప్పే అధ్యాయములలోనే దేవుడు ఈ రెండు సంగతులను ఎందుకు రాయించాడు? నామము మంత్రాక్షరము కాదని మనకు తెలియడానికే.

మరి ఏమిటి? “నామములోనికి” అనే మాట దగ్గరకు వస్తానన్నాను గదా. ఆ కాలపు గ్రీకు లెక్కల పత్రాలలో, ఒకరి ఖాతాలోనికి సొమ్ము జమ చేసేటప్పుడు “ఫలానావాని నామములోనికి” అని రాసేవారు. మనకు ఇది సులభముగా అర్థమవుతుంది. మీరు ఒక ఎకరము పొలము కొన్నారు. రిజిస్ట్రేషను అయింది. పాసుపుస్తకము వచ్చింది. అప్పుడు ఏమంటారు? “పొలము నా పేరు మీదికి వచ్చింది” అంటారు. నిన్నటి దాకా ఒకరిది, ఈ దినము మరొకరిది. ఇక దానిని దున్నే హక్కు, కాపాడే బాధ్యత కొత్త యజమానునిదే. బాప్తిస్మములో జరిగేది అదే. నిన్నటి దాకా పాపము పేరు మీద, లోకము పేరు మీద ఉన్న మనిషి, దేవుని పేరు మీదికి వచ్చాడు. 1 కొరింథీ 1:13లో పౌలు, మీరు పౌలు నామమున బాప్తిస్మము పొందారా అని అడిగింది ఈ అర్థముతోనే: మీరు నా సొత్తా? కాదు, క్రీస్తు సొత్తు. బాప్తిస్మమిచ్చిన సేవకుని పేరు మీద గాని, సంస్థ పేరు మీద గాని మీరు రాయబడలేదు.

అలాగైతే ఏ మాటలైనా పలకవచ్చునా? కాదు. దస్తావేజులో యజమాని పేరు రాయకుండా ఎవరూ రిజిస్టరు చేయరు. యజమానుడు ఎవరో స్పష్టముగా ఉండాలి. 2008లో కొందరు “సృష్టికర్త, విమోచకుడు, పరిశుద్ధపరచువాడు” అని మార్చి పలకడము చెల్లదని వాటికన్ చెప్పినప్పుడు, చాలామంది ప్రొటెస్టెంటులు కూడా ఆ మాట సరియైనదేనన్నారు. ఎందుకంటే అవి దేవుడు చేసే పనులు గాని, ఆయన తన్నుతాను బయలుపరచుకొన్న నామము కాదు.

కాబట్టి మనమేమి చేయాలి?

మొదటిది, సేవకులకు. తోటి దైవజనులారా, ప్రభువు కొండ మీద ఇచ్చిన మాటలనే పలకండి. అవి ఆయన పెదవుల నుండి వచ్చినవి, సంఘము తొలి తరముల నుండి నేటి వరకు పలికినవి. కొందరు సేవకులు “తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామములోనికి, ప్రభువైన యేసుక్రీస్తు అధికారమును బట్టి” అని రెండింటినీ కలిపి పలుకుతారు. అందులో తప్పేమీ లేదు. స్పష్టముగా, నిదానముగా, అందరూ వినేలా పలకండి. ముందుగా ఆ మాటల అర్థము నేర్పించండి. సంఘపు రిజిస్టరులో తేదీ, స్థలము, సాక్షుల పేర్లు రాయండి.

రెండవది, కలతపడుతున్న విశ్వాసులకు. నీవు యేసుక్రీస్తును ప్రభువుగా నమ్మి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామములోనికి బాప్తిస్మము పొందితే, ఇక మాటల నిమిత్తము మళ్లీ నీళ్లలో దిగవద్దు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెలంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. గొప్ప కరువు రోజులలో, తిండి కోసము వచ్చారనే మాట రాకూడదని మిషనెరీ జాన్ క్లౌ బాప్తిస్మములు ఆపి ఉంచాడు. ఆ తరువాత వచ్చినవారు వీరు. ఆ నీళ్లలో దిగినవారు మనలో ఎందరికో ముత్తాతలు. వారు దెబ్బలు తిన్నారు, వెలివేయబడ్డారు, అయినా ప్రభువును విడువలేదు. వారి బాప్తిస్మము చెల్లలేదని చెప్పే ధైర్యము ఎవరికున్నది? చనిపోయిన మీ భర్త, మీ తండ్రి కూడా ప్రభువునందు నిద్రించి ఉంటే, వారు ప్రభువు చేతిలో ఉన్నారు. సేవకుడు పలికిన అక్షరముల చేతిలో లేరు.

మూడవది, యేసు నామమున బాప్తిస్మము పొంది మన మధ్యకు వచ్చేవారిని గూర్చి. వెంటనే తీర్పు తీర్చవద్దు. ఆర్ల్ సభ చేసినట్టు, ముందు అడగండి: నీవు ఎవరిని నమ్ముతున్నావు? తండ్రిని, ఆయన కుమారుడైన యేసుక్రీస్తును, పరిశుద్ధాత్మను ఒప్పుకుంటే, బాసిల్ చెప్పిన మాట గుర్తుంచుకోండి. ఈ విషయములో సంఘములన్నీ ఒకే నియమము పాటించవు. కొన్ని సంఘములు బాప్తిస్మమిస్తాయి, కొన్ని ఆ బాప్తిస్మమును అంగీకరిస్తాయి. మీ సంఘ పెద్దలతో కూర్చుండి, ప్రార్థించి, నిర్ణయించండి. ఏ నిర్ణయము చేసినా ఆ మనిషిని అవమానపరచవద్దు.

నాలుగవది, పొరుగు సంఘముల విశ్వాసులను లాగుకోవడానికి బాప్తిస్మమును వలగా వాడవద్దు. ఎవరైనా మీ ఇంటికి వచ్చి భయపెడితే, తలుపు వేయకండి, కోపపడకండి. బైబిలు తెరచి, నాలుగు వచనాలూ మత్తయి 28:19 కూడా కలిపి చదవమని అడగండి. వాక్యము మొత్తము చదివితే భయము పోతుంది.

ప్రియ శ్రోతలారా, బాప్తిస్మము పొంది ఎన్ని సంవత్సరాలైనది? మీ మీద పలుకబడిన నామము మీ నోటి మాటలో, మీ వ్యాపారములో, మీ ఇంటిలో కనబడుతున్నదా? ఏ నామములోనికి బాప్తిస్మము పొందావని మనుష్యులు అడుగుతారు. ఎవరి సొత్తుగా బ్రతికావని దేవుడు అడుగుతాడు.

ప్రార్థించుకుందాము. పరలోకమందున్న మా తండ్రీ, మమ్మును నీ నామములోనికి పిలిచినందుకు స్తోత్రము. కలతపడుతున్న నీ బిడ్డలకు నిశ్చయత దయచేయుము. మాటల నిమిత్తము చీలిపోయిన కుటుంబాలను, సంఘాలను సమాధానపరచుము. నీ కుమారుడైన యేసుక్రీస్తు మరణములోనికి బాప్తిస్మము పొందిన మేము, నీ పరిశుద్ధాత్మ శక్తితో నూతన జీవములో నడుచుకొనునట్లు సహాయము చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.